ఇంటర్వ్యూ బల్ల

1984లో ఒక మధ్యాహ్నం కృష్ణగిరి కాలేజీ ప్రిన్సిపాల్ హోసూరులో ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగాడు. గేటులో ఖాకీ చొక్కాతో నిలబడ్డ మనిషి, పన్నెండేళ్ళు తన కాలేజీలో బాస్కెట్‌బాల్ నేర్పినవాడు.

"నువ్వు ఈడ వాచ్‌మన్‌గా ఉండావని నిన్ననే తెలిసిందప్పా."

"రెండేండ్లాయ సార్. మన టీము ఎట్లుంది?"

"టీము యాడుంది? నీ తర్వాత ముగ్గురు కోచులు మారినారు. బెంగళూరు డిప్లొమా పిల్లోడు ఆరు నెలలకే పెద్ద కాలేజీ చూసుకోని పోయినాడు."

"మంచోడు సార్. వాణ్ణి తీసుకోమని చెప్పినోణ్ణి నేనే కదా."

ప్రిన్సిపాల్ వంగి చెప్పులకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"నీకు సర్టిఫికెట్ లేదు, ఉండేవాణ్ణే పెట్టమని కమిటీ పట్టుబట్టింది. ఆ పొద్దు ఇంటర్వ్యూలో నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకోని, వచ్చినోళ్ళను ప్రశ్నలడగమన్నాను. అది నీ పోస్టే అని చెప్పేదానికి నోరు రాలేదప్పా."

"నాకు అసిస్టెంటును ఇస్తారనుకున్నాను సార్. ఇంక మట్టి కోర్టుకు నీళ్ళు చల్లి, సున్నం గీతలు గీసే పనికి తోడు దొరికిందని ఇంట్లో గూడా చెప్పుకున్నాను."

"తెలిసింటే వేరేవాణ్ణి తీసుకోమని చెప్పుందువా?"

"లేదు సార్. ఆ పొద్దు వచ్చినోళ్ళలో వాడే మేలు."

లారీ వచ్చింది. అతను గేటు తీసి, మూసి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

"పోస్టు మళ్ళా ఖాళీ అయింది. ఈసారి కమిటీని ఒప్పించినాను. సోమవారం ఇంటర్వ్యూకు రాప్పా."

"వస్తాను సార్. బల్లకు ఏ పక్క కూర్చోవాలనో మాత్రం ముందే చెప్పండి."