పెన్సిలక్క ముక్కు

ఏదీ, ఇటు తే ఆ ఫోను. ఇది నేనా? నా మొహం మీద గీతలన్నీ ఏమయ్యాయే? వేలితో ఇలా అంటే పోయాయా? బాగుంది. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్నవి ఒక్క తుడుపుతో తుడిచేశావు. నవ్వకు. ఇదేదో మీ ఫోను వాళ్ళే కనిపెట్టారనుకోకు, మా స్టూడియోలో పెన్సిలక్క పొద్దస్తమానం ఈ పనే చేసేది. చెప్పలేదూ నీకు? చెప్పే ఉంటాను. లేదా? సరే, ఆ దిండు నా నడుం వెనక సర్ది కూర్చో.

నా పెళ్ళి కాకముందు ఫొటో స్టూడియోలో రంగులు పూసేదాన్ని కదా, నలుపు తెలుపు ఫొటోల మీద. పెదాలకి కాస్త గులాబీ, చెంపలకి ఇంకాస్త. నా పక్కనే అక్క బల్ల. కిటికీ కింద ఏటవాలుగా ఓ గాజుపలక, దాని మీద నెగెటివు, చేతిలో సూదిలా చెక్కిన పెన్సిలు. అందుకే అందరూ పెన్సిలక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం ఇచ్చేరోజే వినపడేది. మచ్చ ఉన్నచోట నెగెటివు మీద పెన్సిలుతో చుక్కలు పెడితే ఫొటోలో తెల్లగా వస్తుంది, మచ్చ మాయం. లావుది సన్నం చెయ్యాలంటే మాత్రం చిన్న కత్తితో గీకాలి. గీకినచోట ఫొటోలో నీడ పడుతుంది. పెన్సిలు పని నచ్చకపోతే తుడుచుకోవచ్చు గానీ కత్తి పని అలా కాదు, గీకింది మళ్ళీ రాదు. ఆడపిల్లల తల్లులు వచ్చి గొంతు తగ్గించి, "కాస్త చూసి చెయ్యమ్మా, మా పిల్లకి ఆ గడ్డం..." అని నసిగేవాళ్ళు. మగపిల్లల తల్లులు ఒక్కరంటే ఒక్కరు రాలేదు సుమా. వాళ్ళ మొహాలు కడుపులోంచే పూర్తయి వచ్చేవి కాబోలు.

అక్కది వెడల్పు ముక్కు. చిన్నప్పటినుంచీ ఇంట్లో దాని మీదే వేళాకోళం. వాళ్ళ పెద్దమ్మ అయితే, "ముందు ముక్కు వస్తుంది, వెనకాల ఇది వస్తుంది" అనేదట పదిమందిలో. వింటూ వింటూ పెరిగింది, ఏం చేస్తుంది? తన పెళ్ళి ఫొటో నెగెటివు చేతికి రాగానే కత్తి తీసుకుని అటూ ఇటూ గీకి, ముక్కుని చక్కగా కోటేరులా చేసింది. అక్కడితో ఆగిందా? ఆ తర్వాత తను పడ్డ ప్రతి ఫొటోదీ అంతే. "ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే బాగోదు కదే" అనేది. నేను మాత్రం ఎందుకు కాదంటాను? ఆ ముక్కుకి కూడా నేనే రంగు పూశాను.

అక్క మొగుడు సర్వేయరు. పొలాల హద్దులు కొలిచే ఉద్యోగం. మంచివాడే, చెయ్యెత్తి ఎరగడు, జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఎవడి గట్టు జానెడు జరిగినా నిలబడ్డచోటి నుంచే చెప్పేసేవాడు. ఆ సంగతి నీకు ముందే ఎందుకు చెప్తున్నానో విను.

నలభై దాటాక అక్కకి ముక్కు పక్కన ఓ పొక్కు లేచింది. మానదు. చెక్కు కడుతుంది, ఊడుతుంది, కాస్త రక్తం, మళ్ళీ చెక్కు. అత్తగారేమో "గోళ్ళు పెడుతున్నావు, ఊరుకోవు" అంది. ఆడపడుచు ఏదో క్రీము తెచ్చి ఇచ్చింది. ఆడదాని మొహం మీద ఏది లేచినా అందం గొడవే అనుకుంటారు గానీ జబ్బు అనుకోరు. అలా రెండేళ్ళు గడిచాక ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే, చర్మం కాన్సరు అన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ వదిలేస్తే మొహాన్ని తినేస్తుందట. కోశారు, కోసింది పరీక్షించారు, అంచుల్లో ఇంకా ఉందని మళ్ళీ కోశారు. శుభ్రంగా ఉందని తేలేసరికి ముక్కు కొనా, రెండు పక్కలూ పోయాయి.

కోసిన డాక్టరు వేరు, ముక్కు మళ్ళీ కట్టే డాక్టరు వేరు. కట్టే ఆయన అక్క మొహం ముందెప్పుడూ చూడలేదు. "ఒక పక్కైనా మిగిలుంటే దాన్ని చూసి రెండోది చేసేవాణ్ణి. పాత ఫొటో ఏదైనా తెండి" అన్నాడు. అక్కేమో మొహం నిండా కట్లతో, మందు మత్తులో పడి ఉంది. మొగుడు ఇంటికి పరిగెత్తి, గోడ మీది పెళ్ళి ఫొటో అద్దంతో సహా దింపుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాడు. అర్థమైందా? ఆఁ. ఆ ఫొటోనే.

ఎలా చేస్తారనుకున్నావు? నుదుటి చర్మాన్ని పట్టీలా కోసి, పూర్తిగా తెంచకుండా, మెలితిప్పి కిందికి దించి ముక్కుగా కుట్టారు. లోపల నిలబడ్డానికి చెవిలోంచి మెత్తటి ఎముక తీసి పెట్టారు. కొత్తచోట అతుక్కుని బతికేదాకా రక్తం అందాలి కదా, అందుకని కనుబొమ దగ్గర ఆ పట్టీ కాడ అలాగే వేలాడుతూ ఉంచారు మూడు వారాలు. నేను చూడ్డానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడేమో, "రావే రా, తొండం చూడ్డానికొచ్చావా? బయట టిక్కెట్టు కొన్నావా లేదా?" అంది. తర్వాత కాడ తెంచేశారు. ఇంకో విచిత్రం విను. ముక్కు మీద ఈగ వాలితే నుదురు గోక్కునేది! ఆ చర్మం తను ఇంకా నుదుటి మీదే ఉన్నాననుకుంటుందట, కొన్నాళ్ళ దాకా. "ఈగ ఒకచోట, దురద ఒకచోట. నా ఒళ్ళే నాకు తప్పు చిరునామా చెప్తోందే" అనేది.

వాపులన్నీ దిగాక ఓ రోజు అద్దం ఇచ్చారు. మొగుడు పక్కనే నిలబడి, కళ్ళనీళ్ళతో, "అచ్చం నీ ముక్కే! ఏం తేడా లేదు!" అన్నాడు. అక్క అద్దంలో చూసుకుంది. తను కత్తితో గీకిన ముక్కు. ఆ సన్నం, ఆ పక్కల నీడ, అన్నీ. హాస్యమాడుతున్నాడేమో అనుకుందట ముందు. కాదు. నిజంగానే అంటున్నాడు. ఇరవై ఏళ్ళు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి. అత్తగారిని అడిగింది, "ఏమన్నా మారానా అత్తయ్యా?" అని. "మచ్చలు తప్ప నీకేం, ఎప్పటిలాగే ఉన్నావు" అంది. ఆడపడుచూ అదే మాట, పక్కింటావిడా అదే మాట. గోడ మీది బొమ్మని చూసి చూసి అదే మనిషి అనుకున్నారు, వంటింట్లో తిరిగేదాని మొహం ఎవడికి కావాలి?

అక్క ఊరుకోలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, "నా ముక్కు ఇది కాదండీ, వెడల్పుగా ఉండేది, నాది నాకు చేసిపెట్టండి" అంది. ఆయన ఎగతాళి చెయ్యలేదు, ఓపిగ్గా విన్నాడు. "కొంత మార్చగలనమ్మా. కానీ ఎలా ఉండేదో చూడాలిగా. అసలు ముక్కున్న ఫొటో ఉందా?" ఎక్కడుంది? ఉన్నవన్నీ తనే గీకేసింది. కన్నతల్లీ, ఆ పెద్దమ్మా అప్పటికే పోయారు, తోబుట్టువులు లేరు. డాక్టరు మొగుడి వైపు తిరిగి, "మీరు చెప్పండి, ఎలా ఉండేది?" అన్నాడు. ఆయన అక్క వంక చూశాడు, డాక్టరు వంక చూశాడు. బిక్కమొహం వేసి, "ఇలాగే కదండీ ఉండేది" అన్నాడు. అక్క సంచీ తీసుకుని లేచి వచ్చేసిందట.

తిన్నగా నా దగ్గరికే వచ్చింది. అప్పటికి మీ అమ్మ బడికెళ్ళే పిల్ల. గుమ్మంలో నిలబడే, "నిజం చెప్పు, ఇది నా ముక్కేనా?" అంది. కాదక్కా అన్నాను. గడప మీదే కూలబడి ఎంత ఏడ్చిందనుకున్నావు! ఏడ్చి, మొహం కడుక్కుని, "అయితే నాది ఎలా ఉండేదో చెప్పు" అంది. చెప్పాను. బొమ్మ గియ్యడం రాదు నాకు, రంగు పూయడమే వచ్చు. నోటితోనే చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. అదిగో, అప్పటినుంచీ అదో అలవాటైంది. ఎప్పుడొచ్చినా, ఇంటి కబుర్లూ వంటింటి కబుర్లూ అయ్యాక, వెళ్ళేముందు "ఓసారి చెప్పవే" అనేది. నేను మొదలుపెట్టేదాన్ని. ఒక్క మాట వదిలేసినా, "అది మర్చిపోయావు" అని అందించేది. ఇంకెవరినీ అడగలేదు. మళ్ళీ కత్తి కిందికీ వెళ్ళలేదు.

పోయి చాలా కాలమైందిలే. ఆ జబ్బుతో కాదు, గుండె ఆగి. మొగుడు ఆ పెళ్ళి ఫొటోనే పెద్దది చేయించి ముందుగదిలో పెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "చివరిదాకా ఇలాగే ఉంది" అనేవాడు. ఆయనా పోయాడు. స్టూడియో వాళ్ళెవరూ లేరు. ఇంక నేనే.

ఎలా ఉండేదా? చెప్తా. వెడల్పు. అంటే ఊరికే వెడల్పు కాదు, మొదట సన్నంగానే వచ్చి ఇక్కడ, ఇదిగో ఇక్కడ పరుచుకునేది. నవ్వితే చెంపల మీదికి విచ్చుకునేది. కోపమొస్తే అదిరేది. ఒక రంధ్రం రెండోదానికన్నా కాస్త పెద్దది, అది చెప్తే ఎంత మురిసిపోయేదో. ఎడమది. కాదు, ఉండు. కిటికీ ఇటు, నా బల్ల ఇటు, నా వైపు తిరిగితే... అప్పుడు కుడిది అవ్వాలి. కుడిదేనా? నువ్వు మాట్లాడకు, ఆగు. నా వైపు తిరిగి నవ్వేది కదా, అప్పుడు వెలుగు ఇటునుంచి పడి...

లే, ఆ లైటు వెయ్యి. తలుపు కూడా దగ్గరికి లాగు, దోమలు.