ఇండిగో పచ్చబడదు

గింజుకోకు బావా, సెప్తే వినవేటి? గింజుకునేకొద్దీ నొప్పి నీకే. నీ సేతులకి కట్టింది రా డెనిమ్. ఒక్క ఉతుకూ పడని, గంజి వదలని కొత్త గుడ్డ. అట్టముక్కలా బిరుసుగా ఉంటాది, దారమంతైనా సాగదు. భోగాపురంలో నీ కుట్టు యూనిట్టులో రోజూ కోసేది అదే కదా, నాకన్నా నీకే తెలియాల.

కాళ్ళకి మాత్రం స్ట్రెచ్ కట్టాను. అందులో లైక్రా ఉంటాది. తన్నుకుంటే సాగుతాది, ఆపితే మళ్ళీ బిగుసుకుంటాది. కాసేపు ఆడుకో.

నోట్లోదా? షాంబ్రే. సూడ్డానికి డెనిమే గానీ సొక్కాల గుడ్డ, పల్చన. ఊపిరాడతాదని అదే కుక్కాను. సంపాలనుంటే పద్నాలుగు ఔన్సుల మందపు గుడ్డ కుక్కుదును. తలకి అదిమి కట్టింది బాగా వాష్ అయిన గుడ్డ. మెత్తన. నెత్తురు పీలుస్తాది. సింధూరికి నోరే గానీ పని రాదనేవోడివి కదా. మా నాన్న గణపతిరావు జీన్సు కొట్లో పుట్టి పెరిగినదాన్ని, ఏ గుడ్డ దేనికో నాకు తెలీదేటి?

ఏటా సూపు? నువ్వంటన్నానని కోపమా? మోకాలు విరిగి కిందపడున్నోణ్ణి మీరనాలా?

ఇందాక మా కొట్టు వెనక ఈ గొడౌనులో కింది అరలోంచి తాను లాగడానికి వంగావు. వంగి, వెనక గుమ్మంలో నిల్చున్న అక్కతో ఏటన్నావు? "పద్మా, బ్యాగు సర్దు. పెద్దలు నాలుగు మాటలనేసి పంపేస్తారు. రాకపోతే జుట్టు పట్టి ఈడుస్తాను, అప్పట్లాగే." నేను అక్క పక్కనే ఉన్నానని తెలిసే అన్నావు. మాట పూర్తవలేదు, తానులు సుట్టే ఇనపగొట్టం నీ తల మీద పడింది. లేవబోతే మోకాలి మీద పడింది. ఆ సప్పుడు నాకింకా సెవుల్లో ఉన్నాది. ఎండుకట్టె విరిగినట్టు.

నీ పెళ్ళిలో ఏటన్నావో గుర్తున్నాదా? అక్క తల దించుకొని కూర్చుంటే, "మీ అమ్మాయి కొత్త తాను మావా, బిరుసు. రెండు ఉతుకులు పడితే మెత్తబడతాది" అన్నావు. పందిరంతా నవ్వింది. మా నాన్నా నవ్వాడు. నేను నీ మంచినీళ్ళలో ఉప్పు కలిపాను. మరదల్ని కాబట్టి అదీ సరసమే అనుకున్నారు.

ఉతుకంటే ఏటో తర్వాత తెలిసింది. స్టోన్ వాష్‌లో గుడ్డని రాళ్ళతో కలిపి తిప్పుతారు, నూలు అరిగి రంగు వదిలేదాకా. నీకు రాళ్ళు అక్కర్లేకపోయాయి. బెల్టు, ఇస్త్రీపెట్టె తీగ, నీ మడమ సరిపోయాయి. గుడ్డకైతే ఎప్పుడు ఆపాలో ఒక అంచనా ఉంటాది బావా. దాటితే సిరిగిపోతాది కాబట్టి ఆపుతారు.

శ్రావణంలో అక్క ఇంటికొచ్చింది. మోచేతుల మీద, నడుం మీద, మెడ కింద నీలం. ఏటే అంటే, తానులు మోస్తన్నాను కదే అంది. ఫోన్లో నువ్వూ అదే సెప్పావు. ఎంత మంచి అబద్ధం! రా డెనిమ్ మోస్తే నిజంగానే ఒంటికి రంగు దిగుతాది. ఇండిగో అనే ఆ నీలిరంగు నూలు లోపలికంటా పోదు, పైపైనే అంటుకుంటాది, రాసుకుంటే వచ్చేస్తాది. మా నాన్న గిరాకీలకి సెప్పే మాటే కూతురికీ సెప్పాడు, ఉప్పూ వెనిగరూ రాయమ్మా పోతాదని. ఇంకే ఇంట్లోనైనా ఆ ఒళ్ళు సూసి గొల్లుమందురు. మా ఇంట్లో వెనిగరు తెచ్చారు.

నేనే రాశాను. దూది పెట్టి రుద్దాను. దూది తెల్లగానే ఉన్నాది. అక్క పళ్ళు బిగబట్టింది.

వారం తిరిగేసరికి ఆ నీలం పచ్చబడింది. ఆ తర్వాత పసుపు తిరిగింది. ఇండిగో వెలిస్తే తెల్లబడతాది బావా. పచ్చబడదు.

నాన్నని పిలిచి అక్క సెయ్యి సూపించాను. సాలాసేపు సూశాడు. రంగు తెలిసిన మనిషి, తెలీకపోవడమేటి? సూసి, "మన కొట్లో సగం సరుకు అల్లుడు కుట్టిందే కదమ్మా" అన్నాడు. అంతే. అందుకే ఈవేళ జగన్నాధం మావా, మరో ఇద్దరు పెద్దలూ కొట్లో కూర్చొని కూల్‌డ్రింకులు తాగతన్నారు, సాయంత్రం బస్సుకి అక్కని నీతో పంపేద్దామని. ఈసారి వెళ్తే అది బతికి రాదు. నాకు తెలుసు, నీకు తెలుసు, ఆ కూల్‌డ్రింకులు పోయించిన మా నాన్నకీ తెలుసు.

అదిగో, తలుపు కొడతన్నారు. కొట్టనీ.

డిబేటుల్లో కప్పులు తెచ్చిన నోరు వంటింట్లో ఏటి పనికొస్తాదని వెక్కిరించేవోడివి. ఇప్పుడు పనికొస్తాది. కొట్టింది నేనే, కట్టింది నేనే అని వాళ్ళకి సెప్తాను. పోలీసులకీ అదే సెప్తాను. స్టేజీ మీద ఏ పక్క ఇస్తే ఆ పక్క మాట్లాడేదాన్ని. ఈసారి పక్క నేనే ఎంచుకున్నాను.

నీకొక్కడికే నిజం సెప్తాను, విను. వెనక నుంచి దెబ్బ తిన్నావు, ఎవరో సూడలేదు నువ్వు. కట్టింది నేను. కొట్టింది నేను కాదు. మొదటి దెబ్బ నేను తల తిప్పేలోపే పడిపోయింది. రెండోసారి గొట్టం లేచినప్పుడు ఆ సెయ్యి పట్టుకోవచ్చు, అందేంత దగ్గరే ఉన్నాను. పట్టుకోలేదు.

అవును, నీ పద్మే.

నమ్మవేటి? పోనీ, బయటికెళ్ళి సెప్పుకో. వచ్చీరాగానే పెద్దల ముందు నువ్వే అన్నావు, నా పెళ్ళాం ఆవులాంటిది, ఏటన్నా తలెత్తదని. జగన్నాధం మావ మెచ్చుకొని తలూపాడు కూడాను. ఇప్పుడు నీ మాట ఎవడు నమ్ముతాడు?

అటూ ఇటూ సూడకు, అక్క ఇక్కడ లేదు. గొట్టం నా సేతికిచ్చి, సేతులు కడుక్కొని, "ఆకలేస్తన్నాదే సింధూ" అంది. పైన వంటింట్లో పెరుగన్నం తింటన్నాది.