గోపయ్య గొంతు

మిర్యాలగూడ, 1999. పాండు కంప్యూటర్ షాపు. గోడకు అవతల సాయమ్మ చాయ్ హోటల్.

"ఇంకా కుండల తల పెట్టి మాట్లాడినట్టే ఉంది, పాండూ. నా గొంతు గిట్లుంటదా?"

"మైకు పిన్ను వేరే సందుల పెట్టిన్రు, గోపయ్య కాకా. మార్చిన. ఇగ ఇను."

"లేదు. గదే కుండ."

"ఇందాక సన్నగొచ్చింది, నిజమే. ఇప్పుడు మంచిగొస్తుంది గదా?"

"మంచిగొస్తే నీ దగ్గర ఎందుకు కూసుంట? రేపు కోదాడల చీరల దుకాణం ఓపెనింగ్. కంప్యూటర్ల రికార్డు చేసి తేకుంటే బెజవాడ మనిషిని పిలుస్త అన్నడు సేటు. ఇరవై రెండేండ్ల సంది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ప్రచారం ఆటోల నా గొంతే! బెజవాడోడు 'విచ్చేయండి' అంటే మనోళ్లు వస్తరా?"

"రారు. సప్పుడు పెంచిన, ఇను."

"జర నయం. ఇంకా పెంచు."

"ఇంకనా? ఆఖరికొచ్చింది కాకా."

"పెంచుర భై."

"ఏయ్ పాండూ! గ్లాసులు అదురుతున్నయ్ ఈడ! బంద్ జెయ్, సెవులు పగులుతున్నయ్!"

"సాయమ్మనా? చాయ్ పంపాల్నా అంటున్నదా? రెండు చెప్పు."

"ఆమె తిడుతున్నది కాకా."

"గోడ దిక్కు మొకం పెట్టి గులుగుతే ఎట్ల? ఇటు సూసి మాట్లాడు."

"తిడుతున్నదంటున్న."

"తిట్టనీ. ఆటోల సరిగ్గ నా నెత్తి మీదనే రెండు లౌడ్‌స్పీకర్ హారన్లు. ఒక్కనాడన్న సెవులు మూసుకున్ననా?"

"కాకా... ఇంట్ల అందరు మెల్లగ మాట్లాడుతున్నరా ఈ మధ్య?"

"నీకెట్ల తెలుసు? మా ఇంటామె సత్తెమ్మ గొంతు పోయింది, పాపం. వయసైంది గదా. మనవరాలు చిన్ని అయితే ఉత్త పెదవులే కదుపుతది. ఏం సదువులో ఏమో."

"దవాఖానల సూపించినవా?"

"ఎవర్ని? సత్తెమ్మనా? రానంటది. నన్నే పొమ్మంటది, ఉల్టా."

"పోరాదు మరి?"

"నాకేం రోగం? రోగం నీ మైకుకు. జల్ది సూడు, కోదాడ బస్సు పోతది."

"సరే. మైకు నడుస్తనే ఉంది, మాట పడితే తెర మీద గీతలు ఎగురుతయ్. బల్ల కిందికి పోయి వైర్లు సూస్త."

"ఆఁ, సూడు."

"కాకా, ఇనబడుతుందా?"

...

"గోపయ్య కాకా! స్పీకర్ల వైరు పీకేసిన! ఇగ ఏ సప్పుడూ రాదు, ఇంటున్నవా?"

"అగో, తెర మీద గీతలు ఎగురుతున్నయ్! ఇగ ముట్టకు పాండూ, గట్లనే ఉంచు. ఇప్పుడు సాఫ్ వస్తుంది. నా గొంతంటే గిదీ!"