తాతయ్య లెన్సులో మెత్తదనం

సరే సరే, కూర్చున్నాగా, ఇంక తియ్యి. గడ్డం కాస్త పైకా? ఇలాగా? ఏమిటే, మళ్ళీ ఏమంటోంది నీ కొత్త కెమెరా? లెన్సు లేదంటోందా! అంత లావు లెన్సు మూతికి తగిలించుకుని లేదంటుందేం? ఓహో, పాతది కనక దీనికి ఆనవాలు తెలీదా. పోనీలే, మీ తాతయ్య ఇంట్లో ఉన్నా ఎవరూ ఉన్నాడనుకునేవాళ్ళు కాదు, ఆయన లెన్సుకి మర్యాద ఎక్కణ్ణుంచి వస్తుంది? చేత్తో తిప్పు, తిప్పాలి దాన్ని. తనంతట తను ఏ పనీ చెయ్యదు, అచ్చం ఆయనే. మంచినీళ్ళు కూడా చేతికందిస్తే తాగేవాడు.

ఏమన్నావూ? మొహం మెత్తగా వస్తోందా? కొత్త లెన్సుల్లో ఇంత మెత్తదనం రాదా? దీనికోసం జనం వెతుక్కుంటున్నారా? అయ్యో నా తల్లీ! అది లెన్సు గొప్ప కాదే, మీ తాతయ్య చూపు మహిమ. కంటి నరం దెబ్బతింది, ఇంక బాగవదు అన్నాడు డాక్టరు. ఫోకస్ కుదరక అన్నీ మసకే. బ్యాంకు మేనేజరు గారి భార్య వచ్చి, "ఒక్క ముడతా పడలేదు, మీ చేతిలో ఏదో ఉందండీ!" అని మురిసిపోయింది. ఈయన గొంతు సవరించుకుని, "లెన్సు అలాంటిదమ్మా" అన్నాడు. మొహంలో నవ్వుంటే ఒట్టు! దాంతో ఊళ్ళో ఆడవాళ్ళంతా మా స్టూడియోకే. రిటైరైన హెడ్మాస్టరు గారొచ్చి, ఫోటో అటు తిప్పి ఇటు తిప్పి, "నా మీసం ఏదయ్యా?" అన్నాక గానీ మాకు భయం పట్టుకోలేదు. తెలిసిపోతే స్టూడియో మూసుకోవడమేగా.

తెర మీద నా కంటి చుట్టూ ఎర్ర గీతలొస్తే ఫోకస్ కుదిరినట్టా? నీకు కెమెరాయే చెప్తోంది, అదృష్టవంతురాలివి. ఆయనకి నేను చెప్పేదాన్ని. ఆ లెన్సు రింగు మీద గాట్లున్నాయి చూడు, వేలికి తగుల్తున్నాయా? ఆకురాయితో నేను గీసినవే. కెమెరా స్టాండుకి ఓ తాడు కట్టి, దానికి ముడులేశాను. ఒక్కో ముడికీ ఒక్కో గాటు. తాడు బిగలాగి కూర్చున్నవాళ్ళ చెంపకి ఆనించి, ఎన్నో ముడో చెప్పేదాన్ని, ఆయన తడుముకుని ఆ గాటు దగ్గర ఆపేవాడు. "ఇదేమిటండీ?" అంటే, "పెద్ద స్టూడియోల్లో ఇదే పద్ధతి" అనేవాడు. నమ్మారే! పైగా ఓసారి ఎవరికో కొలవకుండా తీస్తే, "మాకు తాడు పెట్టలేదేం, మేం అంత లోకువా?" అని దెబ్బలాటకొచ్చారు.

నా ఫోటోనా? ఒక్కటీ లేదు. స్టూడియోవాడి పెళ్ళాన్ని కదూ! "ఇంట్లోదానివి, ఎక్కడికి పోతావు, నీది తీరిగ్గా తీస్తా" అనేవాడు. ఆ తీరిక కళ్ళు పూర్తిగా పోవచ్చాక వచ్చింది. స్టూడియో ఖాళీ చేసే రోజు, సామానంతా సర్దేశాక, "కూర్చోవే" అన్నాడు. కూర్చున్నా. ఇప్పుడు పడకపోతే ఆయన చేత్తో నా మొహం ఇంకెప్పుడూ పడదు. తాడు నేనే పట్టుకుంటానన్నా. "చెయ్యి అడ్డమొస్తుంది, కదలకు" అని తనే తాడు చివర పట్టుకుని తడుముకుంటూ వచ్చాడు. చెంపకి ఆనించాడు. అంత దగ్గరికొస్తే కాస్త కనబడేది ఆయనకి. అలాగే వంగి నిలబడిపోయాడు. ఎంతసేపటికో, "ఈ పుట్టుమచ్చ ఎప్పట్నుంచి ఉందే?" అన్నాడు.

పుట్టినప్పట్నుంచీ అన్నాను. మరేం చెప్పను? ఊళ్ళో అందరి మొహాలూ చూసిన మనిషి! ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఆయన తాడు వదిలేసి వేలితో ఆ మచ్చ తడుముతూ అలాగే ఉండిపోయాడు. కెమెరా దగ్గరికి తిరిగి వెళ్ళనే లేదు. నేనూ వెళ్ళమనలేదు.

ఊఁ, తియ్యి మరి. మచ్చ ఈ చెంప మీద. ఇంక మాట్లాడనులే.