ప్రపంచమంతా దేవుడిదే

ఆ పొద్దున దీవిలోని బాంబూఫ్లాట్ ఊరి మీద మబ్బు కురవనూ లేదు, విడవనూ లేదు. గణేశ్వరరావు ఠాణా నుంచి తిరిగొచ్చేసరికి భార్య గవరమ్మ చేపల పులుసు దించుతోంది. కొడుకు వీరేంద్ర ఆ అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు కాని తల ఎత్తలేదు.

“ఏటన్నారు ఠాణాలో?”

“అన్నం పెట్టు గవరమ్మా.”

“పెడతాను. నువ్వు రాసిన నాటకం ఆపీమన్నారా?”

“ఆపేశారు. కాగితాలన్నీ తీసేసుకున్నారు. పండక్కి డాన్సు పెట్టుకోమన్నారు. దాన్లో మాటలుండవుగా.”

“ఎక్కడో గ్రీసు దేశంలో ముసలోడి కథ. ‘భక్తంటే ఏటి నాయనా’ అనడిగితే విషం తాగించీసినారు. దానికి మన దేవుళ్లకేటి నొప్పి?”

“కథకి కాదే, ఒక్క మాటకి. ఒరే వీరూ, నీ వేషంలో మాటే. చెప్పు.”

“ఇప్పుడెందుకు నాన్నా?”

“చెప్పరా.”

“‘ఈ ప్రపంచమంతా దేవుడిదే. ఆయన కోసం కన్నతండ్రినైనా కోర్టుకీడుస్తాను.’”

“బాగానే ఉంది కదా! భక్తి మాటే!”

“తెలుగులో భక్తే. వీడికి తెలుగు చదవడం రాదు, హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ కాగితం మందిరం కమిటీవాళ్లు చూశారు. వాళ్లకి ప్రపంచ్ అంటే ఏంట్రా?”

“ధోఖా. మోసం.”

“అదీ. ఈ మోసమంతా దేవుడిదేనని చదివి కంప్లైంటు పెట్టించారు.”

“మరి... మరి తెలుగులో?”

“లోకంరా.”

“లోకం? అంటే... దునియా?”

“దునియా.”

“మనింట్లో ఎవరూ ఆ మాటే అనరు! అమ్మ లోకమంటది, నేను దునియా అంటా. నాకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పొచ్చుగా!”

“నువ్వడగొచ్చుగా.”

“అయ్య మీద అరుస్తావేట్రా? కంప్లైంటిచ్చినోడి మీద అరుచుకో. ఎవుడో ఆ దిక్కుమాలినోడు, ఆడి సేతులు...”

“అమ్మా!”

“తిట్టకు గవరమ్మా.”

“తిట్టొద్దా? ఎవుడయ్యా ఆడు, నీకంత ముద్దొస్తన్నాడు?”

“నేనేనమ్మా.”

“ఏటీ?”

“సంతకం నాదే. ‘మీ నాన్న దేవుణ్ణి తిడతాడు, నువ్వొచ్చి హారతిలో గంట కొడతావు’ అన్నారు కమిటీ భయ్యాలు. దేవుడు ముందా, బాప్ ముందా అన్నారు. నాన్నా... నీకు తెలుసా?”

“పేరు చూపించారు.”

“గలతీ అయిపోయింది. ఇప్పుడే వెళ్తా. అది దునియా అని చెప్తా, కేసు వాపస్...”

“కూర్చో.”

“నిన్ను లోపలేస్తారు నాన్నా!”

“ఠాణాలో సాబ్ ముందే చెప్పాడు. ఆ మాటకి తెలుగులో అర్థం వేరైతే, అబద్ధపు కేసు పెట్టినవాణ్ణి లోపలేస్తానన్నాడు.”

“మరి నువ్వేం చెప్పావు?”

“మోసమనే రాశానని చెప్పాను. సంతకం కూడా పెట్టేశాను. ఇంటికెళ్లి అన్నం తినొస్తానంటే సరేనన్నాడు.”

గవరమ్మ మూడు కంచాలు పెట్టింది. పులుసులో ఉప్పు లేదు. గణేశ్వరరావు మళ్లీ వేయించుకున్నాడు.