మిల్లు వెనక దొరికిన ఇనప చక్రం

"కూర్చోండి, కూర్చోండి, నిలబడి వినే సంగతి కాదిది. అక్కా, నాకో స్ట్రాంగ్ టీ!" అంటూ వచ్చి బెంచీ మధ్యలో చతికిలబడ్డాడు డిటెక్టరన్న.

టీ కొట్టు అక్క మొహం చిట్లించింది. "అర గ్లాసే ఇస్తా. వీధి మొత్తం కుళాయిలు ఎండిపోయి కూర్చుంటే నీకు స్ట్రాంగ్ టీ కావాలా తమ్ముడూ? పైగా పైపు నా కొట్టు కిందే పూడుకుపోయుంటుందట. మధ్యాహ్నం వచ్చి రోడ్డు తవ్వుతారట. కొట్టు ఎత్తెయ్యమని సున్నంతో గీత కూడా గీసి పోయారు. ఒకసారి ఎత్తేస్తే మళ్ళీ పెట్టుకోనిస్తారా?"

"నీళ్ళ సంగతి తర్వాత. ముందు నా నిధి సంగతి వినక్కా, నీ బెంగంతా ఎగిరిపోతుంది. నేను ఈ మెటల్ డిటెక్టర్ కొన్న రోజు ఈ దర్జీ బాబాయి ఏమన్నాడు? 'ఒరే, దాంతో నా పోయిన సూది వెతికిపెట్టు' అన్నాడు. అన్నావా లేదా బాబాయ్? ఇప్పుడు విను మరి. మొన్న పొద్దున్నే, మూతపడ్డ దారం మిల్లు లేదూ, దాని వెనక గోడ వెంబడి డిటెక్టర్ పట్టుకుని నడుస్తున్నా. పాత నాణేలేమైనా తగులుతాయేమోనని. కుయ్‌మంది. తవ్వితే ఏముంది, బోల్టు. అబద్ధం ఎందుకు చెప్పాలి, తుప్పు పట్టిన బోల్టే."

"అక్కడితో ఆగినా బాగుండేది," అన్నాడు దర్జీ.

"ఆగితే నేను నేనెందుకవుతాను! బోల్టు జేబులో వేసుకున్నానో లేదో మళ్ళీ కుయ్. సగం అరిగిన పళ్ళచక్రం. మళ్ళీ కుయ్. గొలుసు ముక్క. నాణేల కోసం పోతే పాత మిల్లు సామానంతా పేరుపేరునా పిలిచినట్టు వరసగా వస్తోంది. తీసిపారేసే సరుకనుకోకండి, పాతకాలపు పోత ఇనుము, ఇప్పుడెవడు పోస్తున్నాడు అంత మందంగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? డిటెక్టర్ కుయ్‌మనడం మానేసి కేకలు పెట్టింది. నా చేతిలోంచి విడిపించుకుని, ఇక్కడే ఇక్కడే అని నేల మీద పొర్లింది. తవ్వితే గుండ్రటి ఇనప మూత! తుప్పుకి అతుక్కుపోయి గునపానికి కూడా లేవదు. చెప్పు విడిచి ఒక్క తన్ను తన్నా. గాల్లోకి లేచి, మిల్లు పొగగొట్టం చుట్టూ ఒక చుట్టు తిరిగి, మెల్లగా వచ్చి నా పక్కన దిగింది."

"అలిసిపోయుంటుంది పాపం," అన్నాడు పక్కనే బండి ఆపుకుని కూర్చున్న ఆటో తమ్ముడు.

"నవ్వరా, నవ్వు. మూత కింద ఇటుకలతో కట్టిన గొయ్యి. మోకాలి లోతే కదా అని దిగా. దిగుతున్నా, దిగుతున్నా, అడుగు తగిలితేగా! పైకి చూస్తే ఆకాశం చొక్కా గుండీ అంత ఉంది. ఆ చీకట్లో, ఒక కడ్డీ మీద అడ్డంగా బిగించి, ఒక ఇనప చక్రం! పళ్ళెమంత... కాదు, బండి చక్రమంత... అసలు బాబాయి కుట్టుకొట్టు ఉంది చూశారూ, షట్టరుతో సహా, అంత!"

"కొట్టంత చక్రాన్ని ఆ మూత కంతలోంచి ఎలా తీశావురా?"

"పక్కకి వంచి! మధ్యలో అడ్డం రాకు బాబాయ్, ఊపు పోతుంది. చక్రం మీద చెయ్యి వేశా. ఒక్క చెయ్యే, రెండో చేత్తో సెల్లు లైటు పట్టుకున్నాగా. వందేళ్ళుగా ఎవడూ ముట్టని చక్రం. ఊపిరి బిగపట్టి ఒక్క తిప్పు తిప్పా. కిర్రుమంది. నేల లోపల్నుంచి గుడగుడ, గుడగుడ అని ఒకటే చప్పుడు. ఏంటనుకున్నారు? పాతాళ నది! ఆ మిల్లు నడిచిందే దాని మీద. ఆ రహస్యం తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే!"

గ్లాసు తుడుస్తున్న అక్క చెయ్యి ఆగింది. "గుడగుడమందా?"

"మామూలు గుడగుడ కాదక్కా! రెండో తిప్పుకి మిల్లులో మిషన్లన్నీ వాటంతట అవే లేచి, తాళం వేసిన తలుపుల వెనక దడదడా దారం వడకడం మొదలుపెట్టాయి. మూడో తిప్పుకి దారం కండెలు గోడ దూకి, దొర్లుకుంటూ బజారుకి బయల్దేరాయి, వాటిని అవే అమ్ముకోడానికి! సైరన్ మోగింది. అది వినగానే రిటైరైన ముసలాళ్ళంతా కేరియర్లు పట్టుకుని షిఫ్టుకి పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు మా తాత!"

"మీ తాత పోయి చాన్నాళ్ళయిందిగా అన్నా?"

"నేనూ అదే అడిగా! 'తాతా, నువ్వు పోయావు కదా' అంటే, గొయ్యిలోకి వంగి చూసి, 'సైరన్ మోగాక అవన్నీ చూసుకుంటే ఎలారా, గేటు మూసేస్తారు' అన్నాడు. నిజంగా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ నాకు కావల్సింది చక్రం కదా. ఇంకా ఇంకా తిప్పా. చివరికి బిగుసుకుపోయి ఇక తిరగనంది. అంతే! మిషన్లు ఆగాయి, సైరన్ ఆగింది, తాత ఆవులించి వెళ్ళిపోయాడు. గుడగుడ టక్కున ఆగింది. సముద్రం దాకా పోయే నదిని ఒంటిచేత్తో నిలబెట్టేశా! అక్కడెక్కడో రేవులో ఓడలన్నీ బురదలో కూలబడ్డాయి, పేపర్లో రాలేదంతే. తర్వాత పైనున్న మర విప్పి, సుత్తితో నాలుగు వేసి చక్రం ఊడదీశా. ఏనుగంత బరువు! భుజాన వేసుకుని నడుస్తుంటే రోడ్డు కుంగిపోయింది."

"అన్నా, మొన్న నా ఆటోలో గోనెసంచిలో వేసి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నావే, అదేనా?" అడిగాడు ఆటో తమ్ముడు.

"అది... అది దాని పిల్లరా."

బెంచీ మొత్తం పగలబడి నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. స్టవ్వు ఆపేసి ముందుకొచ్చింది.

"కోతలు కాసేపు పక్కన పెట్టి చెప్పు తమ్ముడూ. మొన్న ఆ చక్రం తిప్పింది ఏ వేళప్పుడు?"

"అప్పుడే పాల బండి వెళ్ళింది. ఏం?"

"నా కుళాయి ఆగిందీ అప్పుడే. బిందె సగం కూడా నిండలేదు. నీళ్ళ ఆఫీసువాళ్ళు పొద్దున ఏమన్నారో తెలుసా? మిల్లు దగ్గర ఎక్కడో ఈ లైనుకి, చక్రం తిప్పి నీళ్ళు ఆపే పాత వాల్వు ఉండాలట. మట్టి కిందికి పోయింది, ఎంత వెతికినా దొరకలేదు, అందుకే ఇక్కడ తవ్వి చూస్తాం అన్నారు. వాళ్ళకి దొరకంది నీకు దొరికింది. నువ్వు ఆపింది పాతాళ నది కాదు నాయనా, మా మంచినీళ్ళు!"

దర్జీ బాబాయి లేచి నిలబడ్డాడు. "ఒరే, రెండు వీధులవతల నుంచి బిందెలు మోసుకొస్తున్నా కదరా, నీ వల్లా!"

డిటెక్టరన్న బెంచీ చివరికి జరిగాడు. "చక్రం కడుక్కోడానికి నీళ్ళు లేవని మొన్నట్నుంచీ ఆ ఆఫీసువాళ్ళని నేనే తిడుతున్నా అక్కా," అన్నాడు.

"తిట్టింది చాలు, లే. ఇంటికెళ్ళి దాన్ని పట్టుకుని మళ్ళీ ఆ గొయ్యిలోకి దిగు. ఎటు తిప్పావో దానికి ఎదురు తిప్పు. వాళ్ళు గునపాలతో వచ్చేసరికి నా కుళాయిలో ధార పడాలి."

ఆటో తమ్ముడు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. డిటెక్టరన్న ఎక్కబోతూ, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా ఆగాడు. ఛాతీ మళ్ళీ పొంగింది.

"అయినా చూశావా అక్కా! ఆఫీసంతా కలిసి వెతికినా దొరకని వాల్వు నా డిటెక్టర్‌కి దొరికింది. వీధికి నీళ్ళు తెచ్చింది నేనేనని రేపు ఇక్కడ కూర్చుని చెప్పుకోవచ్చా?"

"వందసార్లు చెప్పుకో తమ్ముడూ. కూర్చోడానికి కొట్టు మిగలాలి కదా, ముందు నడు!"