భీమరాజు గారి నాలుగో విరమణ

2020 సెప్టెంబరు పదకొండవ తేదీ శుక్రవారం సాయంత్రం, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని మన అద్దాల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో, శ్రీ గుబ్బల భీమరాజు గారు మన క్రీడాజట్టు గోల్‌కీపర్‌గా బాధ్యతలు స్వీకరించారు. ఐదు సంవత్సరాలు ఆ పదవికి వన్నె తెచ్చి, 2025 సెప్టెంబరులో విరమించారు. అంతకుముందు 2022లో కూడా విరమించారు. 2023లో విరమించారు. 2024లోనూ విరమించారు. ఆ మూడుసార్లూ జట్టునూ ఈ సంచికనూ చూసుకునే కమిటీ శాలువా తెప్పించింది, వ్యాసం రాయించింది, అచ్చుకు పంపేలోగా ఆయన మళ్ళీ గోలు ముందు నిలబడి ఉండడం చూసి తల పట్టుకుంది. కటింగ్ టేబుల్ దగ్గర ఆయన ఉద్యోగం యథాతథంగా సాగుతోంది కనుక ఇది కేవలం క్రీడాపదవీ విరమణ అని గమనించ ప్రార్థన.

నాలుగోసారి నవ్వులపాలు కావడం ఇష్టంలేక కమిటీ ఈసారి ముందుగానే ఒక మనిషిని అల్ వర్సాన్‌లోని ఆయన గదికి పంపింది. భీమరాజు గారు ఓవర్‌టైములో ఉండి ఇంటికి రాలేదు. ఆయన సతీమణి మాణిక్యాంబ గారు టీ ఇచ్చి, గంటన్నరసేపు మాట్లాడారు. ఈ కింది వృత్తాంతం చాలావరకు ఆమె చెప్పినదే. చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో గర్వం ఎంత ఉందో విసుగు అంతకు రెండింతలు ఉంది.

కరోనా సంవత్సరంలో నెలల తరబడి క్యాంపు గదుల్లో మగ్గిపోయిన మనవాళ్ళకు కాస్త కాళ్ళూ చేతులూ ఆడాలని, ఐర్లండు దేశస్థులైన మన ప్రొడక్షన్ ఇంజనీరు కోనర్ గారు తమ దేశపు ఆటలు రెండు నేర్పారు. గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు. హర్లింగ్‌లో మాత్రం చివర వెడల్పుగా ఉండే కర్రతో, పిడికిట్లో ఇమిడే గట్టి తోలుబంతిని శక్తికొద్దీ కొట్టాలి. బంతి అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు, కిందుగా వలలోకి పోతే మూడు. ఆ మొదటి సాయంత్రం భీమరాజు గారు ఆడడానికి రాలేదు. లారీకి ఎక్కించవలసిన అద్దాలను స్టాండుకు తాళ్ళతో బిగిస్తున్నారు. దారి తప్పిన బంతి సరిగ్గా ఆ అద్దాల మీదికి వచ్చింది. ఆయన తాడు వదిలేసి ఎగిరి పట్టుకున్నారు. కోనర్ గారు పరుగున వచ్చి గోలు దగ్గర నిలబడతారా అని అడిగారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ భీమరాజు గారికి అద్దం కోయడం వచ్చు, రాజోలులో ఉన్నప్పుడు వాలీబాల్ ఆడడం వచ్చు. ఎవరైనా అడిగితే కాదనడం మాత్రం రాదు. నిలబడ్డారు.

గోలు ముందు నిలిచినప్పుడు వెనక వల ఉన్నట్టు కాక అద్దాల స్టాండు ఉన్నట్టే భావిస్తానని ఆయన కొత్తవాళ్ళకు చెప్పేవారు. ఆ భావన చలవ వల్ల మన జట్టు షార్జా మీదా అబుదాబి మీదా నెగ్గింది. పత్రికల భాషలో చెప్పాలంటే ఆయన దుర్భేద్యమైన కోట. మాణిక్యాంబ గారి భాషలో చెప్పాలంటే, వారానికి ఒక్కటే సెలవు, ఆ ఒక్కరోజే ఇద్దరూ ఒకచోట ఉండేది, ఆ రోజు కాస్తా బంతిపాలు. ఆమె ఒక ఇంట్లో వంట చేస్తారు. ఆ ఇంటివాళ్ళను బతిమాలి తన సెలవును శుక్రవారానికి మార్పించుకున్నారు. 2022లో ఫ్యాక్టరీ సెలవు ఆదివారానికి మారితే మళ్ళీ బతిమాలి మార్పించుకున్నారు. ఇంత చేసి ఆమెకు దక్కింది మట్టికొట్టుకుపోయిన జెర్సీ ఉతికే భాగ్యం.

2021 డిసెంబరులో హర్లింగ్ బంతి తగిలి ఆయన ఎడమచేతి బొటనవేలు విరిగింది. జనవరిలో సగౌరవంగా విరమించారు. మార్చిలో రెండో కీపరు సెలవు మీద ఊరికి వెళితే ఒక్క ఫోనుకు తిరిగి వచ్చారు. 2023లో అదే వేలు మళ్ళీ విరిగింది, మళ్ళీ విరమించారు. ఈసారి అనుభవజ్ఞులను ఖాళీగా ఉంచకూడదని కమిటీ ఆయనకు తెల్లకోటు తొడిగి, గోలుస్తంభం పక్కన అంపైరుగా నిలబెట్టింది. బంతి మీదుగా పోతే తెల్లజెండా, వలలోకి పోతే ఆకుపచ్చ జెండా ఊపాలి, అంతే పని. అబుదాబి జట్టుతో ఆట చివరి నిమిషంలో మన కెప్టెన్ రాజశేఖర్ కొట్టిన బంతి వాళ్ళ కీపరును దాటి ఖాళీ గోలులోకి దొర్లుతోంది. భీమరాజు గారు జెండాలు రెండూ పారేసి, తెల్లకోటుతోనే అడ్డంగా దూకి, బంతిని గుండెలకు హత్తుకుని పడుకున్నారు. అంపైరు గోలు ఆపితే ఏంచేయాలో రెఫరీ గారికి కూడా తెలియలేదు. ఆ గోలు మనకు ఇవ్వలేదు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

"వెనకాల అద్దాలున్నట్టే అనిపించిందండీ," అని ఆయన తలవంచుకుని విన్నవించారు. రాజశేఖర్ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. బయట ఉంచితే లోపలికంటే ప్రమాదమని తీర్మానించి, కమిటీ వారే ఆయన్ను తిరిగి గోలులో నిలబెట్టారు. ఇంటికి వచ్చి ఆ సంగతి ఎంతో సంతోషంగా చెబితే మాణిక్యాంబ గారు ఆ పూట ఆయనకు అన్నం వడ్డించి, తాను తినకుండా పడుకున్నారట.

నవ్వుకున్నంతవరకు నవ్వుకున్నాం. 2024 ఆరంభంలో ఎముకల డాక్టరు గారు మూడోసారి విరిగితే ఆ వేలికి పట్టు ఉండదని స్పష్టంగా చెప్పారు. భీమరాజు గారు మూడోసారి విరమించారు. ఆరువారాలకు ఫైనల్ వచ్చింది, కారు పంపారు, వెళ్ళారు. కప్పు గెలిచారు. ఫోటో ఫ్యాక్టరీ గుమ్మంలో ఇప్పటికీ వేలాడుతోంది. ఫోటోలో కనిపించనిది ఏమంటే, మరునాడు వాచిన చేతితో ఆయన ఎత్తిన అద్దం జారి ముక్కలైంది. అదృష్టం బాగుండి ఎవరి కాలిమీదా పడలేదు. మన ముదీర్, అంటే మేనేజరు, సైఫ్ గారు మంచివారే, అందుకే ఒక్క మాటతో సరిపెట్టారు. ఇంకోసారి పట్టు తప్పితే కటింగ్ టేబుల్ ఖలాస్, వీసా కూడా అంతే అన్నారు. అంటే భీమరాజు గారు రాజోలులో, మాణిక్యాంబ గారు ఇక్కడ. ఆ రోజు నుంచి ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకున్నా ఆమె చూపు ఆ బొటనవేలి మీదే ఉండేది.

ఆ భయంతోనే 2025 సెప్టెంబరులో, రెండు నెలలు ఆమె వెంటపడితే, నాలుగో విరమణ జరిగింది. అయ్యప్ప కొత్త కీపరయ్యాడు. శాలువా తెప్పించారు. నవంబరు పదహారో తేదీ ఆదివారం, భార్యాభర్తలు గదిలో కూర్చుని చేపలు బాగుచేసుకుంటూ ఉండగా రాజశేఖర్ ఫోన్ చేశాడు.

"అన్నా, అయ్యప్పకు జరమొచ్చి లేస్తలేడు. గోల్‌ల నిలవడెటోడు లేడు. ఒక్క పూటనే అన్నా. కారు తీస్కొని కిందికే వచ్చిన."

భీమరాజు గారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే లేచారు. చేతులు కడుక్కున్నారు. మూలన బూట్ల సంచీ వైపు చూశారు. ఆమె ఐదేళ్ళుగా అనాలనుకున్నవన్నీ ఆ క్షణాన గొంతుదాకా వచ్చాయి. ఒక్కటీ అనలేదు. అంటే వినే మనిషి కాదని కాదు, వింటూ వింటూ బూట్లు తొడుక్కునే మనిషని ఆమెకు తెలుసు. ఆయన ఫోను తీసి ఆమె చేతికి ఇచ్చారు.

"నా నోటంట రావట్లేదు మాణిక్యం. నువ్వు చెప్పు."

"తమ్ముడూ, ఆయన రారు," అన్నారామె.

అవతల రాజశేఖర్ సరే వదినా అని కారు తిప్పుకుని వెళ్ళాడు. ఆ రోజు మనం పద్నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. భీమరాజు గారు సాయంత్రం వరకు మూడుసార్లు స్కోరు అడిగారు. తెలిసిన తర్వాత ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆయన బాధ చూసి ఆమెకూ బాధే కలిగింది. అయినా ఆ పూట ఆయన పక్కన కూర్చుని చేపల పులుసు తింటుంటే ప్రాణం కుదుటపడిందని చెప్పడానికి ఆమె సిగ్గుపడలేదు.

టీ తాగి లేవబోతున్న కమిటీ మనిషిని ఆమె ఆపి ఒకటి అడిగారు. "ఆయన మాట మీద నిలబడరని అందరూ నవ్వుతారు కదండీ. ప్రతిసారీ మళ్ళీ పిలిచిందెవరండీ?" మొదటి ఫోను చేసినది తానే కనుక కమిటీ మనిషి చెప్పులు వెతుక్కోవడంలో నిమగ్నమయ్యాడు. "మీరేం రాసుకున్నా రాసుకోండి. పిలవొద్దని మాత్రం రాయండి. పిలిస్తే వచ్చేత్తారు," అన్నారామె.

కావున, శ్రీ భీమరాజు గారు ఆరోగ్యవంతులై, పది వేళ్ళూ పట్టుగా, శ్రీమతి మాణిక్యాంబ గారి సాహచర్యంలో దీర్ఘకాలం సుఖశాంతులతో జీవించాలని సహోద్యోగులందరి తరఫున మనఃపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాం. ఆయన ఫోన్ నంబరు మనందరి దగ్గరా ఉంది. ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు. ఉండనివ్వండి.